కా-బార్ కత్తికి తుప్పు మళ్లీ ఎందుకు వస్తోందంటే

అనంతపురం లాంటి పొడి ఊళ్లో, వారం వారం వేరుశనగ నూనె రాస్తున్నా, కా-బార్ అంచున గోధుమరంగు చుక్కలు మళ్లీ వస్తున్నాయని మీరు అడిగారు. కారణం ఊరి గాలి కాదు, చాలావరకు మీరు కత్తిని దాచే తోలు ఒరే. తోలు శుద్ధిలో వాడిన ఆమ్లాలు, లవణాలు అందులో మిగిలి ఉంటాయి. పైగా అది చేతి చెమటను పీల్చుకొని, ఆ తేమను ఉక్కుకు ఆనించి ఉంచుతుంది.

1942లో అమెరికా మెరైన్ దళం స్వీకరించిన ఈ కత్తిని, పదును బాగా నిలవాలని అధిక కార్బన్ ఉక్కుతో చేస్తారు. అందులో క్రోమియం ఒక శాతం కూడా ఉండదు కనుక తుప్పును ఆపేది బ్లేడు మీది నల్ల పూతే. పదును పెట్టిన అంచుకు ఆ పూత ఉండదు.

1. చుక్కల మీద నూనె వేసి కాసేపు నాననిచ్చి, అతి సన్నని స్టీలు పీచుతో వెన్ను నుంచి అంచు వైపుకు మాత్రమే రుద్దండి.

2. వేరుశనగ నూనె మానండి. అది ఆరి జిగురుకట్టి దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనెను పలచగా రాస్తే చాలు.

3. చాలామంది వదిలేసేది ఇదే: శుభ్రం చేసిన బ్లేడును తిరిగి అదే ఒరలో దూర్చి నెలల తరబడి ఉంచేస్తారు. ఒరను నోరు కిందికి ఉండేలా నీడలో వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. ఆ తర్వాత కూడా కత్తిని నూనె గుడ్డలో చుట్టి విడిగా ఉంచి, బయటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రమే ఒరలో పెట్టండి.

4. పిడి కూడా తోలు బిళ్లలదే అయితే, అది లోహాన్ని తాకే చోట అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి కాస్త నూనె అంటించండి.