నీవా ఒడ్డున పాల యూనిట్ పెట్టిన అల్లుడికి

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. రోజుకు పది వేల లీటర్ల పాలు చల్లబరిచే చిన్న యూనిట్, అందులోంచి వచ్చే కడుగునీళ్లు ఎంతని, వాటిని నీవా నదిలోకి వదులుకోవడానికి కాలుష్య నియంత్రణ బోర్డు దగ్గర ఏదైనా సడలింపు తెచ్చుకోవచ్చా అని అడిగావు. అమెరికాలో ఇలాంటి వాటికి 'వేరియన్స్' ఇస్తారని ఎవరో చెప్పారన్నావు. పాల ప్లాంట్లలో ఈటీపీలు, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాలు, చూసుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఈ సంగతి కొంచెం విడమరిచి చెబుతాను.

ముందు ఆ అమెరికా మాట. అక్కడ 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ కింద వేరియన్స్ ఉన్న మాట నిజమే. కానీ నది నాణ్యత విషయంలో ఇచ్చే వేరియన్స్‌కు గడువు ఉంటుంది. ఫలానా యూనిట్‌కు, ఫలానా కాలుష్యానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ గడువులో చేయగలిగినంతా చేసి చూపించాలి. మామూలు శుద్ధితోనే నది ప్రమాణం అందుతుంటే అసలు ఇవ్వరు. అంటే అది మురికి వదలడానికి పర్మిట్ కాదు, బాగుపడటానికి ఇచ్చే టైమ్.

మన దగ్గర కట్టుబాటు ఇంకా గట్టిది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఒక్కో పరిశ్రమకు ప్రమాణాలు రాసి ఉన్నాయి. నది పరిస్థితిని బట్టి, కారణాలు రాతపూర్వకంగా చూపించి, రాష్ట్ర బోర్డు వాటిని ఇంకా కఠినం చేయవచ్చు. వదులు చేసే అధికారం అందులో లేదు. కాబట్టి "సార్, మాది చిన్న యూనిట్, బీఓడీ కొంచెం ఎక్కువున్నా చూసీచూడనట్టు ఉండండి" అని ఆఫీసులో అడగొద్దు. (బీఓడీ అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్; అది ఎంత ఎక్కువైతే నీళ్లు అంత మురికి.) ఆ ఇంజినీరుకు ఇవ్వడానికి వీల్లేనిది అడిగి మొదటి రోజే ఆయనకు అనుమానం పుట్టించినట్టవుతుంది. ఎమ్మెల్యేతో ఫోన్ చేయిస్తే ఆ అనుమానం రెట్టింపవుతుంది.

మరి సడలింపు ఎక్కడుంది? నీళ్లు ఎక్కడ వదులుతావన్న దాంట్లో ఉంది. డెయిరీల ప్రమాణం చూడు: శుద్ధి చేసిన నీళ్లలో బీఓడీ లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ నీళ్లు కలిసేది తాగునీటికి వాడుకునే నీటివనరైతే దాన్ని 30 దాకా బిగించవచ్చు. అదే నీలాంటి చిల్లింగ్ (పాలు చల్లబరిచే) ప్లాంట్ నీళ్లను నదిలోకి కాకుండా పొలానికి పారిస్తే 350 దాకా ఒప్పుకుంటారు. ఒక షరతు ఉంది. ఆ పొలమే రెండో దశ శుద్ధి కేంద్రంగా పనిచేసేలా డిజైన్ చేయాలి, అలాగే నడపాలి, పరీక్షలకు ఏర్పాటు ఉండాలి. చట్టంలోనే రాసిపెట్టిన ఈ వెసులుబాటును వదిలేసి, లేని దాని కోసం ఎందుకు తిరగడం?

నీవా సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనబడుతుంది. పారే నదిలోకి వదిలిన నీళ్లు పలచబడతాయి. 1912లో ఇంగ్లండ్‌లో రాయల్ కమిషన్ మురుగునీటికి 20 బీఓడీ అని పెట్టినప్పుడు కూడా, కలిసే నదిలో కనీసం ఎనిమిది రెట్లు మంచినీళ్లు ఉంటాయనే లెక్కతోనే పెట్టింది. మనకు ఆ ఎనిమిది రెట్లు ఎక్కడివి? ఎండాకాలంలో నువ్వు వదిలిందే నది అవుతుంది. అది ఇసుకలోకి ఇంకి కింది ఊళ్ల బోర్లలోకి పోతుంది. ఆ నీవాయే పొన్నైలో కలిసి, అక్కణ్ణుంచి పాలారులోకి చేరుతుంది. పాలారు పక్కన తోళ్ల ఫ్యాక్టరీల కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనే, పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని తేల్చారు. అవి కూడా చాలావరకు చిన్న యూనిట్లే. ఒక్కొక్కటీ కొంచెమే అనుకుంది. అన్నీ కలిసి ఊళ్లకు ఊళ్ల తాగునీళ్లు పోయాయి. అందుకే నీ ఉత్తరంలో "కొంచెమే కదా" అన్న మాట నాకు నచ్చలేదు.

పాల విషయంలో అసలు 'కొంచెం' అనేదే లేదు నాయనా. లీటరు పాలలో బీఓడీ దాదాపు లక్ష మిల్లీగ్రాములు. ఒక్క లీటరు కాలువలో ఒలికితే దాన్ని 30కి తేవాలంటే మూడు వేల లీటర్లకు పైగా మంచినీళ్లు కలపాలి. అందుకని ముందు ఈటీపీ కొటేషన్లు పక్కనపెట్టి ప్లాంట్‌లోకి వెళ్లు. ట్యాంకర్ పైపు విప్పేటప్పుడు ఎంత కారుతోంది, క్యాన్లు బోర్లించి పూర్తిగా ఒంపుతున్నారా, మొదటి కడుగు నీళ్లు విడిగా పడుతున్నారా, చూడు. ఆ మొదటి కడుగు తెల్లగా ఉంటుంది. దాన్ని విడిగా పడితే గొడ్లవాళ్లే వచ్చి తీసుకుపోతారు. ఇది పైసా ఖర్చు లేని శుద్ధి. కిలోలీటరు పాలకు మూడు ఘనమీటర్లకు మించి మురుగునీళ్లు రాకూడదని ప్రమాణం, అంటే నీకు రోజుకు ముప్పై వేల లీటర్లు. జాగ్రత్తగా నడిపితే దానికి చాలా లోపలే ఉంటావు.

కాస్టిక్‌తో కడిగిన నీళ్లు ఒకసారి, యాసిడ్‌తో కడిగినవి ఇంకోసారి వస్తాయి కాబట్టి అన్నీ కలిసి సమం కావడానికి పెద్ద ఈక్వలైజేషన్ ట్యాంక్ కట్టు. దాంట్లో పిసినారితనం వద్దు. జిడ్డు తీసే తొట్టి దానికంటే ముందు ఉండాలి. బోరు నీళ్లు కలిపి రిపోర్టు బాగా వచ్చేలా చేద్దామని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినొద్దు. అప్పుడు నీళ్ల పరిమాణం అనుమతి దాటుతుంది, అది కూడా ఉల్లంఘనే.

పొలానికి పారించేటప్పుడు అసలు టెన్షన్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నేల తడిసిపోయి ఇంకేమీ తాగదు. ఆ రోజులకు సరిపడా నిల్వ ట్యాంక్ ఉందని దరఖాస్తులోనే చూపించు. 2021 నవంబరు వానలకు మన జిల్లాలో వాగులు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో అడిగి, ఆ మట్టానికి పైన కట్టు. పశుగ్రాసం వేస్తే నీళ్లూ పోతాయి, గడ్డీ అమ్ముడవుతుంది.

ఇంకో మాట, ఇది ముఖ్యం. వచ్చే ఏడాది పనీర్ మొదలుపెడతానన్నావు. అప్పుడు నీది చిల్లింగ్ ప్లాంట్ కాదు, డెయిరీ. 350 సడలింపు మీద ఆశ పెట్టుకోవద్దు. పనీర్ తీశాక మిగిలే విరుగుడు నీళ్ల బీఓడీ ముప్పై వేలకు పైమాటే. దాన్ని ఈటీపీలోకి పంపితే అందులోని సూక్ష్మజీవులన్నీ దెబ్బతింటాయి. విరుగుడు ఎవరు కొంటారో తేల్చుకుని, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాకే పనీర్ జోలికి వెళ్లు. వెళ్లేముందు అనుమతి మార్పించుకో.

ఇక కాగితాలు. 1974 నీటి చట్టం కింద అనుమతి అడిగేటప్పుడు ఎంత నీళ్లు వాడతావు, ఎంత బయటకు వస్తాయి, ఎక్కడికి పోతాయి అన్న లెక్క సరిగ్గా ఇవ్వు. నాలుగు నెలల్లో బోర్డు జవాబివ్వకపోతే అనుమతి వచ్చినట్టే అని చట్టంలో ఉంది కానీ, దాని మీద ఆధారపడి మోటారు ఆన్ చేయొద్దు, వెళ్లి అడుగు. ఈటీపీ పూర్తికావడానికి టైమ్ కావాలంటే ఉత్త మాటతో అడగొద్దు. ఏ నెలలో ఏ పని, యంత్రాల ఆర్డర్ కాపీ, బ్యాంకు గ్యారంటీకి సిద్ధమన్న మాట, ఇవన్నీ జతచేసి అడిగితే వింటారు. పని చేస్తున్నవాడికి గడువు ఇవ్వడానికి ఏ అధికారీ వెనకాడడు, నా అనుభవం ఇది. ఏదైనా షరతు నిజంగా అన్యాయంగా అనిపిస్తే ముప్పై రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ తేదీ దాటనివ్వకు.

శాంపిల్ తీయడానికి వచ్చిన రోజు నువ్వు దగ్గరుండు. రెండు భాగాలు చేసి సీలు వేయమని అడిగే హక్కు నీకుంది. గొడవ పెట్టుకోవద్దు, మర్యాదగా అడుగు. ఈటీపీకి వేరే కరెంటు మీటరు పెట్టించు, రోజూ రీడింగ్ రాయించు. మోటార్లు నడిచాయని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. నడవలేదని తేలితే మూసివేత ఉత్తర్వు ఇచ్చి కరెంటు తీయించే అధికారం బోర్డుకు ఉంది. శుద్ధి కేంద్రం పనిచేయని యూనిట్లను నడవనివ్వొద్దని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పాలు ఒక్కపూట ఆగితే నీకు ఎంత నష్టమో, పోసే రైతులకూ అంతే.

ముందు నాకు రెండు కాగితాలు పంపు: నీళ్ల లెక్క, పొలం పటం. పొలంలో మట్టి ఎంత లోతుందో, రాయి ఎక్కడ తగులుతుందో కూడా రాయి. అవి చూశాక నేనే తిరుపతి నుంచి వస్తాను, ఇద్దరం కలిసి ట్యాంకుల కొలతలు వేద్దాం. అప్పటిదాకా నదివైపు పైపు కోసం తవ్వకం మొదలుపెట్టకు.

అక్కనూ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామ