బెంగళూరు నంబరున్న 2012 ఆడి టీటీకి 19 లక్షలు ఇవ్వొచ్చా? నా లెక్క ఇది

మీరు అడిగింది ఇది. ఉండేది గుంటూరులో. బెంగళూరులో ఒక 2012 ఆడి టీటీ కూపే చూశారు. రెండో ఓనర్, మీటరు మీద 52 వేల కిలోమీటర్లు, కర్ణాటక ఫ్యాన్సీ నంబరు. 19 లక్షలు చెబుతున్నాడు. "కొత్తది అరకోటి సార్, ఇది ఉచితంగా ఇస్తున్నట్టే" అంటున్నాడు. ఈ ధర న్యాయమేనా?

నేను విజయవాడలో ఉంటాను, నా దగ్గర ఇదే తరం టీటీ ఉంది. కొనేముందు హైదరాబాద్, చెన్నై, బెంగళూరులలో చాలా బళ్లు చూసి, చాలామంది చేత తిట్లు తిని కొన్నాను. సూటిగా చెప్పాలంటే 19 ఎక్కువ. బండి నిజంగా వాళ్లు చెప్పినట్టే ఉంటే నేను 12.5 నుంచి మొదలుపెట్టి 13 దగ్గర ఆగిపోతాను. ఈ అంకె ఎలా వచ్చిందో చెబుతాను, మీ బండికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఆ అరకోటి మాట మర్చిపోండి. ఇన్సూరెన్స్ వాళ్లు బండి విలువ కట్టే పట్టికలోనే ఐదో ఏడాదికి సగం పోతుంది. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు, కంపెనీ, ఓనరు కలిసి ఒప్పుకున్న విలువే ఐడీవీ. కాబట్టి పాలసీ తీసి "చూడండి, ఐడీవీయే 18 లక్షలుంది" అంటే కంగారుపడకండి. కాస్త ప్రీమియం ఎక్కువ కట్టి ఆ అంకె వేయించుకోవడం పెద్ద పనేం కాదు.

స్విఫ్టుకో క్రెటాకో మార్కెట్ రేటు అని ఒకటి ఉంటుంది, ఎందుకంటే రోజూ కొనేవాళ్లున్నారు. వెనక సీట్లో పిల్లలు కూడా సరిగ్గా పట్టని రెండు డోర్ల కారు కొనేవాళ్లను మన బెజవాడ, గుంటూరులలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆన్‌లైన్‌లో కనబడే ధర అమ్మేవాడి ఆశ మాత్రమే. నేను చేసిన పని ఏమిటంటే, దేశం మొత్తంలో అమ్మకానికున్న టీటీల ప్రకటనలన్నీ తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. కొన్ని వారాలకోసారి ఫోన్ చేసి "ఇంకా ఉందాండీ" అని అడిగేవాణ్ణి. 17, 18 చెప్పినవి నెలల తరబడి అలాగే ఉన్నాయి. 14, 15 చెప్పినవి వెళ్లిపోయాయి. వెళ్లిపోయినవాటి ధరే ధర. మీరు కూడా ఓ నెల ఇలా చూడండి, అమ్మేవాడు చెప్పే "రేపు ఇంకొకరు వస్తున్నారు" అనే మాటకు టెన్షన్ పడటం మానేస్తారు.

అలా చూస్తే ఏపీ నంబరుతో, పనులన్నీ చేయించి ఉన్న మంచి టీటీకి నేను 16 లక్షలు కడతాను. ఇక దాంట్లోంచి తీసేయడమే.

పెద్ద కోత లైఫ్ ట్యాక్స్. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ శాతం లెక్కేసేది మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 13 లక్షల బండికి ఆ కాస్త శాతం అంటే ఎంతలే అనుకుంటారు, తీరా ఆఫీసులో అసలు ఇన్వాయిస్ అంకె చూసి లెక్కేస్తారు. నేను ఉజ్జాయింపుగా రెండు లక్షలు వేసుకుంటున్నాను. మీరు ఇన్వాయిస్ కాపీ తెప్పించుకుని గుంటూరు రవాణా ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో కొంత వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చని అమ్మేవాడు చెబుతాడు. చేసుకోండి, కానీ ఆ డబ్బు వచ్చేదాకా లెక్కలో వేసుకోకండి.

అన్నట్టు, ఆ ఫ్యాన్సీ నంబరు మీకు రాదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించగానే ఏపీ నంబరు పడుతుంది. దానికోసం లక్ష ఎక్కువ అడుగుతుంటే ఆ నంబరు వాళ్లనే ఉంచుకోమనండి.

రెండో సంగతి, బండి 2012ది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, అంటే 2027లో అయిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్. మన మారుతీలకు ఈ ఫీజు 5 వేలు. టీటీ హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీలో తయారై పూర్తిగా దిగుమతైన బండి. అలాంటివాటికి 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు 40 వేలు. బ్యాంకులు కూడా ఇంత పాత బండికి లోన్ ఇవ్వడానికి ఇష్టపడవు. ఇది మీకు ఇబ్బందే అయినా బేరంలో మీకే లాభం, ఎందుకంటే రొక్కంతో కొనేవాడు దొరకడం అమ్మేవాడికి కష్టం.

ఇక యంత్రం ఖర్చులు. ఈ టీటీలో ఉండేది 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ, 211 హార్స్‌పవర్. ఆ ఏళ్ల ఇంజిన్‌కు రెండు జబ్బులు అందరికీ తెలిసినవే. పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగడం ఒకటి, టైమింగ్ చైన్ టెన్షనర్, అంటే ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా ఉంచే భాగం, బలహీనంగా ఉండటం రెండోది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ తగ్గొచ్చని కంపెనీయే రాసుకుంది. మీ బండి ఎంత తాగుతుందో టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. డిక్కీ తెరిచి చూడండి, మూలన సగం వాడిన ఆయిల్ డబ్బా ఉంటే అదే జవాబు. టెన్షనర్ సంగతి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు తెలుస్తుంది. మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగలమంటే పని ఉన్నట్టు. అందుకే చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట, సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి. టెన్షనర్ మార్చిన బిల్లు చూపించలేకపోతే ఇంకో లక్ష తగ్గించండి.

ఆరు గేర్ల ఎస్-ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు 60 వేల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. వెనక చక్రాలకు శక్తి పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిల్ కూడా దాదాపు అప్పుడే. అమ్మేవాడు "52 వేలే తిరిగింది" అని గొప్పగా చెబుతున్నాడు గానీ, అసలు ఖర్చు వాకిట్లో నిలబడే సమయానికి అమ్ముతున్నాడని కూడా అర్థం. ఆ రెండింటికీ 40 వేలు వేసుకోండి. టైర్ల అంచున ఒక నాలుగంకెల కోడ్ ఉంటుంది, 3519 అంటే 2019లో 35వ వారం తయారైనవి. గ్రిప్ ఎంత బాగున్నా ఆరేళ్లు దాటితే ఈ బండికి నేను వాడను. నాలుగింటికీ 80 వేలు. మ్యాగ్నెటిక్ రైడ్ షాక్‌లున్న బండైతే వాటి కింద నూనె చెమ్మ ఉందేమో చూడండి, ఒక్కొక్కటీ బాగా ఖరీదు.

టెన్షనర్ లక్ష పక్కన పెట్టి, 16లోంచి ట్యాక్స్, ఆయిళ్లు, టైర్లు తీస్తే 12.8 మిగులుతుంది. బండి మంచిదైతే 13. అంతే నా లెక్క.

ఇదంతా ఆ 52 వేలు నిజమైతేనే. ఈ విషయంలో కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ధరలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఒక తెల్ల టీటీ చూశాను. మీటరు మీద 46 వేలు, లోపల మెరుస్తోంది, స్టీరింగ్‌కు కొత్త తోలు తొడిగారు. నాతో వచ్చిన కుర్రాడు లాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ బళ్లకు వాడే స్కానర్ పెట్టాడు. ఈ బళ్లలో ఏదైనా లోపం నమోదైనప్పుడు అది ఏ కిలోమీటరు దగ్గర వచ్చిందో కూడా ఆ భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్ (మాడ్యూల్) రాసి పెట్టుకుంటుంది. మీటరు తిప్పేవాళ్లు ముందు మీటరును తిప్పుతారు, మిగతా మాడ్యూళ్ల జోలికి పోవాలని వాళ్లకు తోచదు. ఆ బండిలో ఎప్పుడో వచ్చి పోయిన ఒక డోరు లోపం 71 వేల దగ్గర నమోదై ఉంది. 46 వేలు తిరిగిన బండికి 71 వేల దగ్గర లోపం ఎలా వచ్చిందండీ అంటే, "అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ సార్" అన్నాడు. పైగా వెంటనే లక్షన్నర తగ్గించాడు. అలా తగ్గించేసరికి అనుమానం తీరిపోయింది.

కాబట్టి బెంగళూరులో స్కానర్ ఉన్న స్వతంత్ర మెకానిక్‌ను మాట్లాడుకోండి, అమ్మేవాడు చూపించినవాణ్ణి కాదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ చరిత్ర అడిగించండి, ఓనరే ఫోన్ చేసి అడిగితే ఇస్తారు. అదే ఛాసిస్ నంబరులో పదో అక్షరం బి అయితే 2011 మోడల్, సి అయితే 2012. రిజిస్ట్రేషన్ ఏడాది చెప్పి మోడల్ ఏడాది దాచడం మామూలే.

బెంగళూరు బండి కాబట్టి నీళ్ల సంగతి తప్పక చూడాలి. 2022 సెప్టెంబరులో అక్కడ యమలూరు వైపు ఖరీదైన కార్లు ఎన్ని మునిగాయో టీవీల్లో చూశాం. మనకైతే 2024లో బుడమేరు చూపించింది, సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లలో నిలబడిన బళ్లు తర్వాత ఎక్కడెక్కడికి పోయాయో దేవుడికే తెలియాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ బండిని టోటల్ లాస్‌గా తేల్చేస్తుంది. ఆ బండి వేలంలో పోయి, కడిగి తుడిచి మళ్లీ రోడ్డెక్కుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున మట్టి గీత ఉంటే ఆ బండి ఏ ధరకూ వద్దు. సీట్ల కింద పట్టాల తుప్పు కూడా చూడండి.

పెయింట్ విషయంలో మన ఆటోనగర్ అలవాటు ఒకటి ఈ బండికి పనికిరాదు. నా టీటీ తెచ్చిన కొత్తలో ఒక పెద్దాయన జేబులోంచి అయస్కాంతం తీసి బానెట్ మీద పెట్టి, అది జారిపోగానే "ఏవండీ, మొత్తం పుట్టీయే పెట్టారండీ, మిమ్మల్ని ముంచారు" అన్నారు. తర్వాత డోరు మీద పెడితే గట్టిగా అంటుకుంది. ఈ తరం టీటీలో బానెట్, ముందు ఫెండర్లు, పైకప్పు అల్యూమినియం. డోర్లు, డిక్కీ మూత ఉక్కు. మందం కొలిచే మీటరు కావాలి, అది కూడా అల్యూమినియంను చదివేది. నూట యాభై మైక్రాన్ల లోపు ఉంటే కంపెనీ పెయింటే అనుకోవచ్చు, మూడు వందలు దాటితే కింద ఏదో ఉంది. ఒక డోరుకు మళ్లీ పెయింట్ వేశారంటే నేను పెద్దగా పట్టించుకోను. ముందు ఛాసిస్ కొమ్ముల దగ్గర వెల్డింగ్ మరక కనిపిస్తే మాత్రం వదిలేస్తాను.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద వద్దు. ఏసీ వేసి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అరగంట పాకించండి, మొదటి గేరులో వణుకు వస్తుందేమో చూడండి. బెంగళూరు వాతావరణంలో చల్లగా నడిచే బండి రోహిణి కార్తెలో మన బెంజ్ సర్కిల్ దగ్గర ఎలా ఉంటుందో అక్కడ తెలియదు కాబట్టి కూలెంట్ ఫ్యాన్, రేడియేటర్ విడిగా చూపించండి.

బేరం ఆషాఢంలో ఆడండి. నమ్మకాలున్నా లేకపోయినా ఆ నెలలో అమ్మేవాడి ఫోన్ మోగదు. అంకె మొదట మీరు చెప్పకండి, ఖర్చుల చీటీ ఒక్కొక్కటిగా చదవండి. ట్యాక్స్ దగ్గరికి వచ్చేసరికి ఆయనే దిగుతాడు. 13 దగ్గరికి రానంటే ఆ బండి మీది కాదు.

బేరం కుదిరితే టోకెన్ 50 వేలకు మించి ఇవ్వొద్దు. కాగితం మీద రాయించుకోండి: కర్ణాటక రవాణా ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఫారం 28 ఎన్‌ఓసీ) చేతికి వచ్చాకే మిగతా డబ్బు, లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు సంతకంతో ఫారం 35, పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, స్కాన్‌లో తేడా వస్తే టోకెన్ వాపసు. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉందా అన్నది), ఎన్నో ఓనరో మీరే చూసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోవాలి, ఆయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం ఆ మేరకు పెరుగుతుంది.

స్కాన్ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ కోడ్‌కు ఎంత ఖర్చో నాకు తెలిసినంతలో చెబుతాను.