నరం దొరకడం లేదని కోర్సు మానేయాలా?

ప్రశ్న: మాది కందుకూరు. ఇంటర్ బైపీసీ అయ్యాక మా అమ్మాయిని ఒంగోలులో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా)లో చేర్పించాం. ఇప్పుడు రెండో సంవత్సరం. ఆసుపత్రిలో శాంపిల్స్ తీసే డ్యూటీ వేశారు. పోయిన వారం ఒక పెద్దావిడకి మూడుసార్లు పొడిచినా నరం దొరకలేదట. చెయ్యి కమిలి నల్లగా వాచిందట. ఆవిడ కొడుకు అందరి ముందూ అరిచాడట. అప్పటినుంచి 'ఈ పని నాకు రాదు నాన్నా, డిగ్రీలో చేరతా' అంటోంది. మానిపించమంటారా?

జవాబు: మానిపించకండి. మీరు రాసినదాంట్లో చేతి లోపం ఎక్కడా కనపడడం లేదు. సిరల పేర్లు పరీక్షకు చదివింది, అవి మనిషి చేతిలో ఎలా పరుచుకుని ఉంటాయో వేలితో తడిమి నేర్చుకోలేదు. రెండేళ్ల కోర్సులో చాలామంది పిల్లలకు ఇదే లోటు. సరిచేసుకోవడానికి కొన్ని వారాలు చాలు.

ముందు ఆ 'నరం' అనే మాట సంగతి చూద్దాం. మన మాటల్లో మూడింటినీ నరమనే అంటాం. రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చేది సిర. గుండె నుంచి తీసుకెళ్లేది ధమని. స్పర్శ, నొప్పి, కదలిక నడిపేది నాడి, నరాల డాక్టర్ చూసేది దీన్నే. శాంపిల్‌కి కావలసింది సిర ఒక్కటే. మోచేతి మడత దగ్గర మిగతా రెండూ దానికి వేలెడు దూరం కూడా లేకుండా దగ్గరగానే ఉంటాయి. అందుకే నరం కోసం వెతకడం మానేసి, ఏ సిర కోసం వెతుకుతున్నానో పేరు పెట్టి అనుకోమనండి.

చేతి పైపై సిరల్లో పెద్దవి రెండు. అరచెయ్యి ముందుకు తిప్పి నిలబడితే, బొటనవేలి వైపు నుంచి ముంజేతి బయటి అంచున పైకెళ్లేది సెఫాలిక్. చిటికెనవేలి వైపు నుంచి లోపలి అంచున వెళ్లేది బసిలిక్. మోచేతి మడతలో ఈ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా పోయేది మీడియన్ క్యూబిటల్. ఎక్కువ మందిలో ఇవి మూడూ కలిసి ఇంగ్లిషు హెచ్ అక్షరంలా, కొందరిలో ఎం ఆకారంలో కనిపిస్తాయి. మొదట వెతకాల్సింది మీడియన్ క్యూబిటల్‌ని. కాస్త లావుగా ఉంటుంది, అంతగా జారదు. పైగా దాని కిందుగా కండరం నుంచి వచ్చే గట్టి పొర ఒకటి అడ్డంగా పరిచి ఉంటుంది. చేతిని ఎవరైనా పట్టుకుని ఉండగా మోచెయ్యి బలంగా మడవబోతే ఆ పొర అంచు వేలికి తగులుతుంది. బ్రేకియల్ ధమని, మీడియన్ నాడి ఉండేది ఆ పొర కిందే. సిర కోసి రక్తం తీయడమే వైద్యంగా సాగిన రోజుల్లో ఐరోపావాళ్లు ఆ పొరను 'దేవుడి దయ' అని పిలిచేవారట. ఎందుకో శాంపిల్ తీసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అది దొరక్కపోతే రెండోది సెఫాలిక్. బసిలిక్ చివరి మాట, ఎందుకంటే అది బాగా జారుతుంది, చర్మపు నాడి కొమ్మలు దాన్ని ఆనుకునే పోతాయి, ధమని కూడా ఆ పక్కనే. మణికట్టు లోపలి వైపు అసలు పొడవకూడదు. చర్మం కిందే నాడులు, స్నాయువులు (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లు) కిక్కిరిసి ఉంటాయి.

ఇప్పుడు చూపు కంటే వేలు ముఖ్యం. మీ అమ్మాయి బహుశా నీలంగా కనిపించేదాని మీదికి సూది తీసుకెళ్తోంది. కనిపించే సన్న సిర కన్నా, కనపడకపోయినా వేలి కింద మెత్తగా నొక్కుకుని మళ్లీ పైకి పొంగే సిర ఎంతో మేలు. స్నాయువు తాడులా గట్టిగా ఉంటుంది, పొంగదు. ధమని కొట్టుకుంటుంది. బొటనవేలిలోని ధమని కొట్టుకోవడం మనకే తెలుస్తుంది కాబట్టి చూపుడువేలితోనే తడమాలి.

ఇంట్లో సూది లేకుండా చేయదగ్గ అభ్యాసం ఒకటుంది. విలియం హార్వే 1628లో రక్తప్రసరణ గురించి రాసినప్పుడు చూపించిన పద్ధతే. మోచేతికి పైన మెత్తటి గుడ్డ కట్టి, ముంజేతి మీద సిరలు ఉబ్బనివ్వండి. అక్కడక్కడా చిన్న ముడుల్లా కనిపించేవి కవాటాలు, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులు. ఒక వేలితో సిరను కింద నొక్కిపెట్టి, రెండో వేలితో పైన ఉన్న కవాటం దాటేదాకా తుడుచుకుంటూ పోయి వదిలేయండి. రెండింటి మధ్య సిర ఖాళీగా ఉండిపోతుంది, పైనుంచి రక్తం వెనక్కి రాదు. కింది వేలు తీయగానే నిండుతుంది. ఇది పది చేతుల మీద చూస్తే కవాటం ఎక్కడుందో వేలికి తెలిసిపోతుంది. సూది మొన కవాటానికి ఆనితే రక్తం ఆగిపోతుంది. అలవాటు లేనివాళ్లు అప్పుడే 'నరం తప్పింది' అనుకుని సూదిని లోపల కెలుకుతారు. ముడి లేని, తిన్నగా ఉన్న ముక్క ఎంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

పెద్దావిడ చెయ్యి ఎందుకు కమిలిందో చూద్దాం. వయసు మీదపడ్డాక చర్మం కింద కొవ్వు తగ్గి సిర పట్టు లేక పక్కకు జారుతుంది, గోడ కూడా పెళుసుబారుతుంది. పొడిచేచోటికి ఒకటి రెండు అంగుళాల కింద ఎడమ బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టుకోవాలి. సూది నోరు పైకి ఉండాలి, వాలు 30 డిగ్రీలు మించకూడదు. నిటారుగా దించితే వెనక గోడ చిల్లుపడి రక్తం చర్మం కిందికి కారుతుంది. సిర ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ, అంటే టోర్నికెట్, విప్పకుండా సూది తీసినా అంతే. తర్వాత దూది పెట్టి మోచెయ్యి మడిచి కూర్చోమనడం మన వైపు బాగా అలవాటు. అది కూడా తప్పే. చెయ్యి చాపి ఉంచి, రక్తం ఆగేదాకా వేలితో నొక్కిపట్టాలి.

టోర్నికెట్ పొడిచేచోటికి మూడు నాలుగు అంగుళాల పైన కట్టాలి, నిమిషం దాటకూడదు. ఎక్కువసేపు ఉంచి పిడికిలి తెరిచి మూయిస్తే రిపోర్టులో పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది. స్పిరిట్ ఆరకముందే పొడిస్తే మండుతుంది, రక్తకణాలు కూడా పగలవచ్చు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే మందు తర్వాతి ట్యూబులోకి చేరితే పొటాషియం పెరిగి కాల్షియం పడిపోయినట్టు చూపిస్తుంది. అందుకే నీలం మూత, ఎరుపు, ఊదా, బూడిదరంగు అనే వరస తప్పకూడదు.

ఇంకో రెండు నియమాలు గోడకు రాసుకోమనండి. ఒకరికి రెండుసార్లకు మించి పొడవకూడదు, మూడోసారి సీనియర్‌ని పిలవాలి. పిలవడం చేతగానితనం కాదు, పద్ధతే అది. రోగి 'కరెంటు కొట్టినట్టు వేళ్లలోకి లాగింది' అంటే వెంటనే సూది తీసేయాలి, నాడికి తగిలిందన్నమాట. ఎర్రగా మెరుస్తూ కొట్టుకుంటూ రక్తం వస్తే అది ధమని. సూది తీసి కనీసం 5 నిమిషాలు గట్టిగా నొక్కాలి.

రోహిణీ కార్తె ఎండల్లో మన దగ్గర మరో చిక్కు. పరగడుపున రమ్మంటే చాలామంది మంచినీళ్లు కూడా ముట్టకుండా వస్తారు, సిరలు అణిగిపోతాయి. మామూలు పరగడుపు పరీక్షలకు మంచినీళ్లు తాగవచ్చు. ముందురోజే చెప్పి పంపితే సగం చేతులు తేలికవుతాయి.

ఉద్యోగం సంగతికి వస్తే, సిరల మీద పట్టు ఉన్న టెక్నీషియన్‌కి ల్యాబ్ ఒక్కటే దారి కాదు. డయాలసిస్‌నే చూడండి. మణికట్టు దగ్గర రేడియల్ ధమనిని సెఫాలిక్ సిరతో కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. ధమని ఒత్తిడికి సిర వారాల తరబడి లావై, గోడ మందమై, అప్పుడు పెద్ద సూదులు రెండు తట్టుకుంటుంది. ఒక సూది రక్తాన్ని మిషన్‌కి తెస్తుంది, రెండోది శుభ్రమయ్యాక తిరిగి పంపుతుంది. ఈ సిరే రోగికి ప్రాణాధారం. దాన్ని పాడు చేయకుండా వాడే చెయ్యి ఉంటే అటువైపు కూడా బతుకుంది, దానికి డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు విడిగా చదవాలి.

ల్యాబ్‌లోనే ఉన్నా మీ అమ్మాయికి ఈ సంగతి పనికొస్తుంది. కిడ్నీ జబ్బు ఉందని చీటీలో కనపడితే ముంజేతి సెఫాలిక్‌ని ముట్టకుండా అరచేతి వెనక సిరల నుంచి 23 గేజ్ సన్న సూదితో తీయాలి. ఇవాళ అక్కడ పొడిచి పాడుచేస్తే రేపు ఫిస్టులాకి సిర మిగలదు. ఫిస్టులా ఉన్న చేతికి టోర్నికెట్ కట్టనే కూడదు. రొమ్ము తొలగించిన వైపు చెయ్యి, డ్రిప్పు ఎక్కుతున్న చెయ్యి కూడా అంతే.

డిప్లొమా చేతికి రాగానే రాష్ట్ర పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ చేయించండి. ప్రభుత్వ నోటిఫికేషన్లలో మొదట అడిగేది అదే.

ఇక ఈ వారం చేయవలసింది. ఇంట్లో, వీధిలో ఇరవైమంది చేతులు కళ్లు మూసుకుని తడమమనండి. పొగాకు పనిచేసే గరుకు చేతులు, పెద్దవాళ్ల చేతులు, బొద్దుగా ఉండే చేతులు తప్పనిసరి. ఒక్కొక్కరిదీ నోటుపుస్తకంలో బొమ్మ వేసి మూడు సిరల పేర్లు రాయాలి. తర్వాత ల్యాబ్ ఇన్‌ఛార్జిని కలిసి, పొద్దున ఓపీ కలెక్షన్‌లో సీనియర్ పక్కన రెండు వారాలు నిలబెట్టమని అడగండి. మొదటి వారం పడుచువాళ్లకే తీయాలి, రెండో వారం పెద్దవాళ్లకు. ప్రతి శాంపిల్‌కీ ఏ సిర, ఎన్నోసారికి దొరికింది, తప్పితే ఎందుకు అని ఒక్కో వరస రాసుకోవాలి. రక్తం చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయా అన్నది కూడా విడిగా అడగండి, అది వేరే సమస్య. అలా అయితే మైక్రోస్కోపు, మిషన్ల బెంచీల మీద పనిచేయవచ్చు, అప్పుడూ కోర్సు వదలాల్సిన పని లేదు. యాభై వరసలు నిండాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని అమ్మాయితో మాట్లాడండి.