మేరీ కోమ్: మూడు కిలోల తేడా అంటే ఏంటో నాకు తెలుసు

మేరీ కోమ్ 48 కిలోలు, అంతకంటే తక్కువ బరువులో గెలిచిన ఆరు ప్రపంచ స్వర్ణాలు గొప్పవా, 51 కిలోల్లో వచ్చిన ఒలింపిక్ కాంస్యం గొప్పదా అని అడిగారు. కాంస్యమే. ఇందులో నాకు రెండో మాట లేదు.

మూడు కిలోలే కదా అనేవాళ్లు ఆ తేడా దెబ్బల్ని రింగులో తిని చూడాలి. నేను తిన్నాను.

2011లో మా యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్. అప్పుడు నా బరువు 47. 48 కిలోల్లో సీనియర్ అక్క ఒకామె ఉంది, ఆమెని దాటి నాకు చోటు రాదు. ముందురోజు సాయంత్రం కోచ్ సార్ పిలిచి, "అమ్మా, 51లో ఒక్కమ్మాయే ఉంది, నువ్వు అందులో దిగు" అన్నారు. 51 కేటగిరీ అంటే 48కి పైన, 51 లోపు; అందులో దిగాలంటే కాటా మీద 48 దాటాలి. తెల్లవారి ఆరింటికి మిగతా అమ్మాయిలంతా స్వెటర్ల మీద రెయిన్‌కోట్లు వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరిగెడుతున్నారు. వంద గ్రాములు తగ్గడం కోసం ఒకమ్మాయి సీసాలో ఉమ్ముతోంది. నేనేమో మెట్ల మీద కూర్చుని అరటిపళ్లు తింటూ నీళ్లు తాగుతున్నాను. ఐదో పండు గొంతు దిగలేదు. కాటా ఎక్కితే 48.2 చూపించింది.

పదకొండింటికి బౌట్. అవతలమ్మాయి 53 నుంచి దించుకుని పొద్దున 51 లోపలికి వచ్చింది. తూకం అయిపోగానే తిని, తాగి, మళ్లీ తన అసలు బరువు దగ్గరికి చేరుకుంది. నాలో పెరిగింది మాత్రం నీళ్లే. కాగితం మీద మూడు కిలోల తేడా, రింగులో ఆరు కిలోలయింది. ఆమె ఎడమ చెయ్యి ఊరికే చాచినా నా నుదుటికి తగిలేది. నా పంచ్ ఆమె గ్లౌజుల దగ్గరే ఆగిపోయేది. లోపలికి దూరితే భుజంతో తోసేసేది, తోసినప్పుడల్లా కడుపులో నీళ్లు కదిలేవి. మూడో రౌండ్‌లో రిఫరీ ఆపేశారు.

మరుసటి ఏడాదే లండన్ ఒలింపిక్స్. ఆడవాళ్ల బాక్సింగ్‌ని మొదటిసారి చేర్చి, మూడే కేటగిరీలు పెట్టారు: 51, 60, 75. అప్పటికి మేరీ గెలిచిన ఐదు ప్రపంచ టైటిళ్లూ 45, 46, 48 కిలోలవి. 51 ఆమె సొంత బరువు కానే కాదు. ఆ తర్వాత ఆరేళ్లకి, 2018లో కూడా, పోలండ్‌లో టోర్నమెంటుకి తెల్లవారుజామున దిగితే ఆమె బరువు 50 ఉంది. తూకానికి నాలుగు గంటలే టైముంది. గంటసేపు ఆపకుండా స్కిప్పింగ్ చేసి 48కి వచ్చి, స్వర్ణం గెలిచింది. అలాంటి మనిషి, కవల పిల్లల తల్లి, లండన్‌లో పోలండ్ బాక్సర్ మిఖాల్చుక్‌ని 19-14తో, ట్యునీషియా అమ్మాయి రహాలీని 15-6తో ఓడించింది. సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది. ఆ ఆడమ్సే తర్వాత స్వర్ణం గెలిచింది. హాస్టల్ టీవీ ముందు అందరూ "అయ్యో, ఓడిపోయింది" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఆరు పాయింట్లు ఎంత కష్టపడితే వచ్చాయో నాకు తెలుసు. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో అదే 51లో స్వర్ణం కూడా తెచ్చింది.

మన పేపర్ల మీద నా కోపం ఒకటే. "ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్" అని రాస్తారు, ఏ బరువులో అని రాయరు. ఇంకో గొడవ మేరీ, బాక్సర్ నిఖత్ జరీన్ పోలిక. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి పెట్టిన ట్రయల్స్‌లో మేరీ నిఖత్ మీద 9-1తో గెలిచిందని ఒకరు, తర్వాత మన నిజామాబాద్ అమ్మాయే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిందని ఇంకొకరు. నిఖత్ 2022లో 52 కిలోల్లో గెలిచి, 2023లో 50కి దిగి మళ్లీ గెలిచింది. ఒకరు కిందికి దిగాల్సి వచ్చింది, ఒకరు పైకి ఎక్కాల్సి వచ్చింది. ఈ రెండు కష్టాల్నీ ఒక్కటి చేసి పోల్చకండి.

అసలు అన్యాయం చిన్న ఒళ్లున్న అమ్మాయిలకి జరుగుతోంది. 2025లో లివర్‌పూల్‌లో మీనాక్షి హుడా 48 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ కేటగిరీ ఒలింపిక్స్‌లో లేదు. పారిస్‌లో ఆడవాళ్లకి పెట్టిన అతి తక్కువ బరువు 50. మన ఊళ్లలో చిన్నప్పటి నుంచి సరైన తిండి లేక నలభై ఆరు, నలభై ఏడు దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎక్కడికి పోవాలి?

మా అక్క కూతురు ఇప్పుడు 46. మొన్న ఫోన్ చేసి "పిన్నీ, 51లో దిగమంటున్నారు, ఏం తినాలి?" అని అడిగింది. కండ పెరగడానికి ఏడాది పడుతుంది, అప్పటిదాకా ఎవరేమన్నా ఒప్పుకోవద్దని చెప్పాను. వాళ్ల కోచ్‌తో కూడా ఆదివారం వెళ్లి మాట్లాడతాను.