బొమ్మ ముందు నోట్లోకే వెళ్తుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే దిగులు: ‘సహజమైనదని కొన్నాం, నిజంగా బిడ్డకు మంచిదేనా?’ ఇరవై రెండేళ్లుగా లేత్ పనివాళ్ల పక్కన కూర్చుని పసిపిల్లల బొమ్మలకు రూపం గీస్తున్నదాన్ని. నాకు చేతిపనిగా తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు పది నెలలు. ఏటికొప్పాక లక్క బొమ్మలు నాలుగు కొన్నాం. శుభ్రంగా ఉండాలని శానిటైజర్‌తో తుడిస్తే బొమ్మ జిగటగా మారింది, దూదికి రంగు అంటింది. మమ్మల్ని మోసం చేశారా? (ఒక తల్లి, నెల్లూరు)

లేదమ్మా. దూదికి అంటింది అసలైన లక్కే అయి ఉంటుంది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్లలో ఎక్కువ భాగం ఆల్కహాలే.

ఆ పూత ఎలా పడుతుందో చెబితే మీకు బెంగ తీరుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే పనివాడు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచెతో పని లేదు. మొదట పూత మసకగా, చారలు చారలుగా కనిపిస్తుంది. అప్పుడు ఎండిన మొగలి ఆకు ముక్కను మడిచి అదిమి పడతాడు. చూస్తుండగానే చారలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నున్నటి మెరుపు తేలుతుంది. ఎన్ని వందల సార్లు చూశానో! ఇప్పటికీ ఆ క్షణం వచ్చేసరికి చేతిలో పెన్సిలు పక్కన పెట్టి అటే చూస్తాను.

అయితే లక్క అసలుదైనంత మాత్రాన అందులో కలిపిన రంగు కూడా సహజమైనదేనని అనుకోకండి. ఆ ఊళ్లో సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చినవారు సి.వి. రాజు గారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటి వాటితో వచ్చే రంగులు కాస్త నెమ్మదిగా, మట్టివాసనతో ఉంటాయి. కళ్లు చెదిరే గులాబీ, మెరిసే ఆకుపచ్చ కనిపిస్తే అమ్మేవారిని అడగండి. కంటితో చూసి ఖాయంగా తేల్చడం నాకూ సాధ్యం కాదు. అందుకే పరీక్ష నివేదిక అడగమంటాను. బొమ్మ పూతలోంచి సీసం, కాడ్మియం సహా ఎనిమిది హానికర మూలకాలు ఎంత మేరకు బయటికి వస్తున్నాయో కొలిచే పరీక్ష ఉంది.

ఇకమీదట తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడలో ఆరబెట్టండి. వేడినీళ్లలో వేయకండి. జిగట పట్టిన బొమ్మను మాత్రం పాపకు ఇవ్వకండి. చేసినవారికి అందజేయగలిగితే పాత పూత తీసి మళ్లీ లక్క పడతారు. ఇంకో బిడ్డ దాకా పనికొస్తుంది.

ప్రశ్న: నేను డిజైన్ చదువుతున్నాను. రెండు కొబ్బరి చిప్పలు అతికించి, లోపల గురివింద గింజలు పోసి గిలక్కాయ చేశాను. ప్లాస్టిక్ చుక్క కూడా లేదు. ఆరు నెలల పిల్లలకు దీన్ని ఎలా మెరుగుపరచాలి? (కాకినాడ)

బాబూ, ముందు ఆ గింజలు తీసి పిల్లల చేతికి అందనిచోట పారేయ్. తర్వాత మిగతాది చదువు.

గురివింద గింజలో ఉండే అబ్రిన్ ప్రాణాంతకమైన విషం. పైపెంకు గట్టిది కాబట్టి చెక్కుచెదరకుండా మింగితే ఏమీ కాకపోవచ్చు. నలిగినా, బెజ్జం వేసినా, పంటి కింద పగిలినా ప్రమాదమే. ఆముదం గింజల సంగతీ అంతే. చెట్టుకు కాసిందల్లా బిడ్డకు మంచిది కాదు. ఈ మాట చెప్పడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

కొబ్బరి చిప్ప కింద పడితే వాడి అంచులతో పగులుతుంది. అతుకు విడితే లోపలివన్నీ నేల మీదికి, అక్కడి నుంచి నోట్లోకి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఊడివచ్చే ఏ ముక్కా సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న కొలత గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. పడితే అది గొంతులోనూ పడుతుంది. ఆ గొట్టం కొలతలు చూసుకుని నువ్వే ఒకటి చేసుకుని బల్ల మీద పెట్టుకో.

చప్పుడు కావాలంటే గింజలే అక్కర్లేదు. లేత్ మీద ఒకే కర్ర నుంచి పిడినీ, దాని చుట్టూ వదులుగా తిరిగే రెండు మూడు వలయాలనూ తీయవచ్చు. పిడికి రెండు కొసలా వలయం కంటే లావైన బుడిపెలు ఉంటాయి కాబట్టి వలయం బయటికి రాదు. అతుకు లేదు, మేకు లేదు, జిగురు లేదు. ఊపితే టకటకమంటుంది. ఇది తీయడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి. అతని దగ్గర నువ్వు వారం రోజులు కూర్చోవాలి.

నేను తొలిరోజుల్లో సన్నటి ముక్కున్న పిచ్చుకను కాగితం మీద గీసుకుని వెళ్లాను. కర్ర పోగు (కర్రలో కనిపించే నార గీతలు) ఒకవైపు సాగుతుంటే ముక్కు దానికి అడ్డంగా పడింది. పెద్దాయన ఒకరు ఏమీ అనకుండా ఆ ముక్కును బొటనవేలితో నొక్కారు. పుటుక్కున విరిగింది. అప్పటి నుంచి ముందు కర్రను చేతిలోకి తీసుకుని, పోగు ఎటు పోతోందో చూశాకే గీస్తున్నాను.

అమ్మకానికి పెట్టాలనుకుంటే ఒక సంగతి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. మినహాయింపు దొరికినా పరీక్ష మానకు.

ప్రశ్న: పసుపు నీళ్లలో ముంచిన నూలుగుడ్డతో మనవరాలికి బొమ్మ కుట్టాను. ఉతికితే ఎర్రబడింది. గుడ్డ పాడైందా? (హైదరాబాద్)

పాడవలేదండీ. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బులోని క్షారమూ ఆ పనే చేసింది. నాలుగు చుక్కల నిమ్మరసం కలిపిన నీళ్లలో జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. కానీ పసుపు ఎండకు వెలుస్తుంది, చప్పరించే బొమ్మకు నిలిచే రంగు కాదు. ఈసారి రంగు వేయని నేత గుడ్డతోనే కుట్టండి. కళ్లకు బొత్తాలు వద్దు, దారంతో కుట్టండి.

ప్రశ్న: ‘చెక్క పజిల్’ అని కొన్నాను. తడి తగిలి అంచులు ఉబ్బాయి. (బెంగళూరు)

అది చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలక అయి ఉంటుంది. ఆ జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది. కొనేటప్పుడు అంచు చూడండి. కర్రకు పోగు కనిపిస్తుంది, దీనికి అట్టలా ఒకే తీరు. ఉబ్బినది పిల్లలకు ఇవ్వకండి.

ప్రశ్న: మనవడికి తాటికాయ బండి చేసిచ్చాను. కోడలికి నచ్చలేదు. ఇలాంటివి ఈ రోజుల్లో ఇవ్వకూడదా? (పాలకొల్లు)

తప్పక ఇవ్వండి. ముంజలు తిన్నాక మిగిలిన రెండు బుర్రలు, మధ్య ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర. ఇంతకంటే తక్కువ సామానుతో బండి చేసినవారిని నేను చూడలేదు. కోడలి భయంలోనూ న్యాయం ఉంది. ఇరుసు కొసలు బుర్రల బయటికి పొడుచుకు రాకుండా కోసేయండి. పంగల కర్ర పైకొన పిల్లవాడి కళ్ల ఎత్తులో ఉంటుంది, దాన్ని గుండ్రంగా చెక్కి గుడ్డ చుట్టండి. నాలుగైదు రోజులకు బుర్రలు ఎండి ఇరుసు వదులవుతుంది. అప్పుడు వాటిని పెరట్లో ఎరువుగుంతలో వేసి, రెండో బండికి ఇరుసు మనవడి చేతనే గుచ్చించండి.