క్లోమ క్యాన్సర్ గురించి మా ఊళ్లో ఎట్లా చెప్పాలి?

పరకాల దగ్గర మీ యూత్ అసోసియేషన్ తరఫున క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్ మీద అవగాహన కోసం ర్యాలీ తీయాలా, ఫ్లెక్సీలు కట్టాలా అని అడిగారు. తీయండి. నవంబర్ మూడో గురువారం ప్రపంచ క్లోమ క్యాన్సర్ దినం, రిబ్బను ఊదా రంగు. కానీ నన్నడిగితే, ముందు పోవాల్సింది కామెర్లకు పసరు పోసే మనిషి ఇంటికి.

మా పెద్దబాపుది నర్సంపేట వైపు. కళ్లు పచ్చబడితే అందరూ కామెర్లన్నారు. జ్వరం లేదు, నొప్పి లేదు. పసరు తాగించి, ఉప్పూ కారం లేని పథ్యం పెట్టారు. రాత్రయితే ఒళ్లంతా దురద. అరుగు మీద కూర్చుని దువ్వెనతో వీపు గోక్కునేవాడు. మూత్రం చాయ్ డికాక్షన్ రంగులో, విరేచనం తెల్లగా పాలిపోయి వచ్చేవట. ఈ సంగతి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అంతకు కొన్ని నెలల ముందే కొత్తగా షుగర్ బయటపడింది. మొలతాడు వదులైతే షుగర్‌తో చిక్కిపోతున్నాడనుకున్నాం. సీటీ తీసేసరికి గడ్డ రక్తనాళాన్ని చుట్టేసింది, ఆపరేషన్‌కు వీల్లేదన్నారు. మూసుకుపోయిన పైత్యరస నాళంలో స్టెంట్ (సన్న గొట్టం) వేశాక దురద తగ్గి కంటినిండా నిద్రపోయాడు, అదొక్కటే మేలు. ఏడాది తిరగకముందే పోయాడు.

క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నెముక ముందు ఉంటుంది. దాని తల భాగంలో గడ్డ పెరిగితే కాలేయం నుంచి వచ్చే పైత్యరస నాళం నొక్కుకుపోతుంది, కామెర్లు అందుకే. నడుమ భాగంలోనో తోకలోనో వస్తే ఆ గుర్తు కూడా ఉండదు, నొప్పి వీపులోకి పాకేదాకా తెలియదు. బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలుండేది దాదాపు ఐదుగురిలో ఒక్కరికే.

పసరు పోసేవాళ్లతో గొడవ పెట్టుకోకండి. వైరస్‌తో వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. ఆ నమ్మకం మీరు ఒక్క మీటింగ్‌తో తీసేయలేరు. ఒక్క మాట ఒప్పించండి చాలు: "యాభై దాటిన మనిషికి నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, దురద పెడుతుంటే మందు పోయకు, స్కానింగ్‌కు పంపు." ఇదే మాట ఆర్ఎంపీకి, ఆశా అక్కకు, మెడికల్ షాపు పిల్లగానికి కూడా. మన దగ్గర రోగి ముందు వీళ్ల దగ్గరికే పోతాడు. పిత్తాశయంలో రాళ్లున్నా కామెర్లు వస్తాయి, అన్నీ క్యాన్సర్ కాదు. అదీ చెప్పండి, లేకపోతే ఊరంతా టెన్షన్.

మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గ్యాస్ అడ్డొచ్చి క్లోమం సరిగ్గా కనిపించకపోవచ్చు. 'నార్మల్' అని రాసిచ్చినా పచ్చదనం పెరుగుతూనే ఉంటే, కాంట్రాస్ట్ సీటీ (నరానికి మందు ఎక్కించి తీసే స్కాన్) కావాలా అని డాక్టర్‌ను అడగాల్సిందే.

బీడీ, సిగరెట్ మాట ఎలాగూ చెప్తారు. పొగతాగే వాళ్లకు ఈ ముప్పు దాదాపు రెట్టింపు.

ఒకటి మాత్రం వద్దు, ఫ్రీ క్యాన్సర్ టెస్టుల క్యాంపు. ఏ లక్షణాలూ లేని మామూలు జనంలో దీన్ని ముందే పట్టే టెస్టు ఇంకా లేదు. ప్యాకేజీల్లో అంటగట్టే సీఏ 19-9 అనే రక్తపరీక్ష విలువ రాళ్లతో పైత్యరస నాళం మూసుకున్నా పెరుగుతుంది, కొందరిలో క్యాన్సర్ ఉన్నా పెరగదు. ఆ డబ్బుతో షుగర్ పరీక్షలు, బరువు చూసే మిషన్ పెట్టండి. మా పెద్దబాపుకు లాగా కొత్తగా వచ్చే షుగర్, తగ్గే బరువు కూడా ఈ క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, తిండి తింటున్నా బరువు తగ్గుతున్న వాళ్ల పేర్లు విడిగా రాసుకుని పెద్ద డాక్టర్ దగ్గరికి పంపండి.