ముక్తాయింపు అంటే ముగింపేనా?

సందేహం: పేపర్లో సభల వార్తల చివర 'అని ఆయన ముక్తాయించారు' అని రాస్తుంటారు. మొన్న మా ఊరి గుడి ఉత్సవంలో డోలు వాయించే పెద్దాయన శిష్యుడితో 'ముక్తాయింపు రెండు మాత్రలు ముందే పడిందిరా' అన్నారు. అప్పటికి మేళం ఇంకా ఆగనే లేదు. మరి ముక్తాయింపు అంటే ముగింపు కాదా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ఆ పెద్దాయన మాటలోనే సగం జవాబు ఉందండీ. మేళం ఆగలేదు, అయినా ముక్తాయింపు పడింది. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి ఉత్సవాల్లో మేళం పక్కనే నడిచినవాళ్ల చెవికి ఇది తెలుసు. డోలు ఒకే జతిని, అంటే ఒకే దరువు ముక్కను, మూడుసార్లు బిగించి వాయిస్తుంది. మూడోది తెగిన చోటే నాదస్వరం పల్లవి అందుకుంటుంది. పాటను మళ్లీ ఎత్తుగడకు చేర్చే ఆ లెక్కే ముక్తాయింపు.

లెక్క అని ఊరికే అనలేదు. ఆదితాళంలో ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 8 దెబ్బలు. ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేసే నడక చతురశ్ర గతి, ఆ భాగమే మాత్ర. దెబ్బకు 4 చొప్పున 32 మాత్రలు. 'తదిగిణతోం' అనే జతికి 5 మాత్రలు, మూడుసార్లకు 15. అంటే 17 మాత్రలు వదిలి 18వ దాని మీద ఎత్తుకోవాలి. అప్పుడే తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ, అంటే సమం, సరిగ్గా దొరుకుతుంది. పాట సమం మీద కాక అర దెబ్బ తర్వాత మొదలయ్యేదైతే ఈ 18 కాస్తా 20 అవుతుంది. శిష్యుడు పొరబడింది ఇలాంటి చోటే అయ్యుండాలి.

సంగీతంలో వర్ణం అనే రచన నేర్చుకున్న పిల్లలను అడిగినా చెబుతారు. పల్లవి, అనుపల్లవి అయ్యాక ముక్తాయిస్వరం వస్తుంది. అది పాడి మళ్లీ పల్లవికి వెళ్తారు. చరణం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇక పేపరు వాడుక. దాన్ని తప్పనను. కచేరీ చివర కూడా ముక్తాయింపుతోనే ముగిస్తారు కాబట్టి ఆ అర్థం సహజంగానే వచ్చింది. కానీ ప్రతి 'అన్నారు'కీ బదులుగా 'ముక్తాయించారు' వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది, ఇంత లెక్క ఉన్న మాట అరిగిపోతోందని. ఒంగోలు సభలో ఒకరు సాగర్ కాలువ నీళ్లతో మాట మొదలుపెట్టి, పంటలూ ధరలూ అన్నీ చెప్పి, చివరికి ఆ నీళ్ల దగ్గరికే వచ్చి ఆపారనుకోండి, అక్కడ 'ముక్తాయించారు' అని నిండుగా రాయండి. టైమ్ అయిపోయి మైకు ఇచ్చేస్తే 'ముగించారు' చాలు.